నవజాత శిశువు బరువు: తల్లి కారణముల పట్టికపై ఒక విమర్శ

బిడ్డ భూమి మీద పడిన తరువాత బొడ్డు కోసి, తుడిచి, తల్లి రొమ్మునకు చేర్చి, ఆ వెనువెంటనే చేయవలసిన పని యొకటి కలదు. అది బిడ్డను తూచుట. నాగార్జునసాగరు ఎడమ కాలువ పారు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములలో నేడు కాన్పులలో అత్యధిక భాగము ఆసుపత్రులలోనే జరుగుచున్నవి గనుక ఈ తూకము తప్పుట అరుదు. తూచిన అంకె తల్లి కార్డులో ఒక గడిలో పడును. అది రెండున్నర కిలోలకు తగ్గినచో బిడ్డ 'తక్కువ బరువు శిశువు' అగును. ఇంటిలోని పెద్దలు తల్లి వంక చూతురు. ఏమి తిన్నదో, ఏమి తినలేదో, చెప్పిన మాట విన్నదో లేదో అను విచారణ వెంటనే మొదలగును.

ఈ విచారణకు శాస్త్రము కూడ కొంత ఊతమిచ్చినది. 'శిశువు జనన భారముపై తల్లి సంబంధమైన కారణముల ప్రభావము' అను విషయముపై మన వైద్య కళాశాలలలో వ్రాయబడిన వ్యాసములకు లెక్క లేదు. వాటి పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ఒక ఆసుపత్రిలో ఒక సంవత్సర కాలమున జరిగిన కొన్ని వందల కాన్పులను తీసికొందురు. తల్లి వయస్సు, ఎత్తు, బరువు, రక్తములోని హీమోగ్లోబిన్, ఎన్నవ కాన్పు, కాన్పునకు కాన్పునకు మధ్య ఎడము, చదువు, రాబడి, కాయకష్టము అని నిలువు గడులు గీయుదురు. ప్రతి గడికి ఎదురుగా తక్కువ బరువు బిడ్డలు నూటికి ఎందరో వ్రాసి, ఫలానా కారణము 'ప్రాముఖ్యము గలది', ఫలానాది 'ప్రాముఖ్యము లేనిది' అని తీర్పు చెప్పుదురు. చివర తల్లులకు పోషకాహారమును గూర్చి బోధింపవలెనని వ్రాసి ముగింతురు.

ఈ పట్టికలు అబద్ధములు కావు. పొట్టి తల్లులకు, బక్కపలుచని తల్లులకు, ఇంకను ఎదుగుదల పూర్తికాని చిన్న వయస్సు తల్లులకు, పొగాకు వాడు తల్లులకు పుట్టు బిడ్డల సరాసరి బరువు తక్కువని ప్రపంచమంతట తేలిన విషయమే. తొలిచూలు బిడ్డ మలిచూలు బిడ్డ కంటె సుమారు నూరు గ్రాములో, అంతకు కొంచెమెక్కువో తేలికగా నుండును. మగబిడ్డ ఆడబిడ్డ కంటె అంతే బరువుగా నుండును. కాని పట్టిక చెప్పునది ఒకటి, చదువరి గ్రహించునది మరొకటి అగుచున్నది. ఉన్నత పాఠశాలలలో జీవశాస్త్రమును, గణితమును బోధించు ఉపాధ్యాయులకు ఈ తేడా ముఖ్యము. రేపు తల్లులు కాబోవు బాలికలు వారి యెదుటనే కూర్చుండియున్నారు.

రెండున్నర కిలోల గీత

మొదట కొలబద్దను పరీక్షింపవలెను. 2500 గ్రాముల గీత ప్రకృతి గీచినది కాదు. ఫిన్లండు దేశపు శిశువైద్యుడు ఆర్వో ఇల్పో 1919లో, నెలలు నిండక పుట్టిన బిడ్డలను గుర్తించుటకు వాడుకకు వీలైన అంకెగా దీనిని సూచించెను. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనినే గైకొనెను. కాని ఆసియా ఖండమున ఈ గీతకు దిగువనున్న బిడ్డలలో పెక్కురు నిండు నెలల బిడ్డలే యని త్వరలోనే తెలిసినది. కాబట్టి 1961లో ఆ సంస్థ నిపుణుల సంఘము 'అకాల శిశువు' అను పేరు తొలగించి 'తక్కువ బరువు శిశువు' అను పేరు పెట్టినది. పేరు మారినదే గాని గీత కదలలేదు. 1976లో మాత్రము '2500 గ్రాములు గాని, అంతకు తక్కువ గాని' అను మాటకు బదులు '2500 గ్రాములకు తక్కువ' అని సవరించిరి.

ఈ చిన్న సవరణ చూపిన ఫలితము విచిత్రమైనది. సరిగా 2500 అని వ్రాసిన బిడ్డ గీతకు ఎగువ పడును. 2490 అని వ్రాసిన బిడ్డ దిగువ పడును. తూచువారు సున్నలకు, అయిదులకు సర్దుట లోక స్వభావము. అందుచేత మన దేశపు లెక్కలలో రెండున్నర కిలోల దగ్గర అంకెలు గుంపుగా పోగుపడుట కనబడును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు తెలిసిన బిడ్డలలో నూటికి సుమారు 18 మంది తక్కువ బరువు వారు. ఈ పోగుపాటును, తూచబడని బిడ్డలను లెక్కలోనికి తెచ్చుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలసి వేసిన అంచనాలో 2020 సంవత్సరమునకు భారతదేశమున ఆ సంఖ్య నూటికి సుమారు 27. దేశ మొక్కటే, కాలమును ఇంచుమించు ఒక్కటే, కాని తేడా తొమ్మిది. తక్కువ బరువు బిడ్డలలో మూడవ వంతు అంకెలు సర్దుటలోను, తూచకపోవుటలోను మాయమగుచున్నారన్నమాట. తల్లి కారణములను వెదకుటకు ముందు త్రాసును, తూచువాని అలవాటును వెదకుట మేలు.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. గీతకు దిగువన రెండు వేర్వేరు రకముల బిడ్డలు కలసి పడుదురు. ఒకడు ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో తొందరపడి పుట్టినవాడు. వాని వయస్సునకు వాని బరువు సరియైనదే కావచ్చును. మరొకడు తొమ్మిది నెలలు నిండి పుట్టి కూడ గర్భములో సరిగా పెరుగనివాడు. మొదటి వానికి కారణము అంటువ్యాధి కావచ్చును, కవలలు కావచ్చును, తల్లి రక్తపు పోటు కావచ్చును. రెండవ వానికి కారణము తల్లి శరీర నిర్మాణము, దీర్ఘకాలపు పోషణలోపము, మాయ సరిగా పనిచేయకపోవుట మొదలగునవి. దక్షిణాసియాలో రెండవ రకము వారే అధికము. ఈ రెండింటిని ఒకే గడిలో పోసి కారణములు వెదకుట, చలిజ్వరము వచ్చినవానిని, ఎండదెబ్బ తగిలినవానిని ఒకే మంచము మీద పరుండబెట్టి ఒకే కషాయము పోయుట వంటిది.

గర్భములో జరుగునది

పిండము ఇరువది యెనిమిదవ వారమున సుమారు ఒక కిలో తూగును. నలువదవ వారమున మూడు కిలోల ప్రాంతమునకు వచ్చును. అనగా బరువులో మూడింట రెండు పాళ్ళు చివరి పన్నెండు వారములలోనే చేరుచున్నవి. ఆ పెరుగుదలకు కావలసిన ప్రాణవాయువు, చక్కెర, మాంసకృత్తుల ముక్కలు, ఇనుము, సున్నము మొదలగునవన్నియు మాయ ద్వారముననే తల్లి రక్తము నుండి బిడ్డ రక్తమునకు దాటవలెను. తల్లి తిన్న అన్నము నేరుగా బిడ్డ నోటికి పోదు. తల్లి గర్భాశయమునకు ఎంత రక్తము చేరుచున్నది, మాయ ఎంత పెద్దదిగా పెరిగినది, తల్లి దేహమున ముందే నిలువ యున్నదెంత అనునవి నడుమ నిలుచును.

తల్లి దేహ పరిమాణము ఎంత బలమైనదో చూపిన ప్రయోగము ఒకటి 1938లో వెలువడినది. కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అను శాస్త్రజ్ఞులు భారీ శరీరము గల షైరు జాతి గుఱ్ఱములను, పొట్టివైన షెట్లండు జాతి గుఱ్ఱములను కృత్రిమ పద్ధతిలో సంకరము చేసిరి. రెండు సంకరములలోను పిల్లకు వచ్చిన వంశ బీజములు సగము దీనివి, సగము దానివి. కాని షైరు తల్లికి పుట్టిన పిల్ల షైరు పిల్లంత పెద్దదిగా పుట్టినది. షెట్లండు తల్లికి పుట్టిన పిల్ల షెట్లండు పిల్లంతే పుట్టినది. తండ్రి ఎంత పెద్దవాడైనను తల్లి గర్భము పిల్లను తన కొలతకు తగినట్లు నిలువరించినది. మనుష్యులలో పరాయి స్త్రీ అండముతో గర్భము ధరించిన తల్లుల విషయములోను, బిడ్డ బరువు అండమిచ్చిన స్త్రీ దేహము కంటె మోసిన స్త్రీ దేహమునకే దగ్గరగా ఉన్నట్లు కనుగొనిరి.

దీనిలో గ్రహింపవలసినదేమి? పట్టికలో 'తల్లి ఎత్తు' అను గడి కాన్పునాటిది కాదు. ఆ ఎత్తు ఆమె పసితనమున, బాల్యమున, పదునాలుగు పదునైదేండ్ల వయస్సున నిర్ణయమైనది. ఆమెను కన్న తల్లి ఏమి తిన్నదో కూడ అందులో చేరియున్నది. ఎనిమిదవ నెల చూలాలికి "నీవు పొట్టిదానవు గనుక బిడ్డ చిన్నదగును" అని చెప్పి ప్రయోజనము లేదు.

పట్టికలోని మూడు మోసములు

మొదటిది, కారణములు ఒంటరిగా తిరుగవు. పదునెనిమిదేండ్ల తల్లిని తీసికొనుడు. ఆమె వయస్సు తక్కువ. ఆమెకది తొలిచూలు. ఆమె దేహము ఇంకను ఎదుగుచున్నది. ఆమె బడి మధ్యలో మానినది. ఆ బడి మానుటకు పేదరికమే కారణము. ఆ పేదరికమే ఆమె ఎత్తును తగ్గించినది. పట్టికలో ఈమె ఐదు గడులలో ఐదుసార్లు లెక్కకు వచ్చును. ప్రతి గడియు తానే కారణమని సాక్ష్యము పలుకును. ఒక్కొక్క గడిని విడిగా పరీక్షించి 'ప్రాముఖ్యము గలది' అని ముద్ర వేసినంత మాత్రమున ఐదు కారణములు దొరికినట్లు కాదు. ఒకే కారణము ఐదు వేషములు వేసియుండవచ్చును.

రెండవది, భాగమును మొత్తముతో పోల్చుట. కొన్ని వ్యాసములలో కాన్పునకు వచ్చినపుడు తూచిన తల్లి బరువునకు, బిడ్డ బరువునకు గల సంబంధమును గొప్పగా చూపుదురు. కాని ఆ తల్లి బరువులో మూడు కిలోల బిడ్డ, అర కిలో మాయ, ముప్పావు కిలోకు పైగా ఉమ్మనీరు చేరియున్నవి. బిడ్డ బరువు తన బరువుతోనే పొత్తు కలిసినది! మూటను గోనెతో తూచి, మూట బరువునకు గోనె బరువే కారణమని చెప్పిన కోమటి లెక్క ఇట్టిదే. గర్భము నిలిచిన తొలి వారములలో తూచిన బరువైనచో ఈ దోషముండదు.

మూడవది హీమోగ్లోబిన్ విషయము. రక్తహీనత బిడ్డ బరువును తగ్గించునని ప్రతి పట్టిక చెప్పును. తీవ్రమైన రక్తహీనత విషయములో అది నిజము. కాని గర్భవతి దేహములో రక్తపు నీరు (ప్లాస్మా) బాగుగా పెరుగును గనుక, ఆరోగ్యవతికి కూడ నడి నెలలలో హీమోగ్లోబిన్ కొంత పలుచబడును. అది మంచి లక్షణము. లండను ప్రాంతపు సుమారు లక్షన్నర గర్భముల లెక్కలను 1995లో స్టీర్, ఆయన సహచరులు ప్రకటించిరి. వానిలో గర్భకాలమున హీమోగ్లోబిన్ 8.5 నుండి 9.5 వరకు దిగిన తల్లుల బిడ్డల సరాసరి బరువే అన్నింటి కంటె ఎక్కువ. హీమోగ్లోబిన్ ఎంతకు దిగక ఎత్తుగా నిలిచిన తల్లులకు చిన్న బిడ్డలు, నెలలు నిండని బిడ్డలు ఎక్కువగా పుట్టిరి. అనగా ఈ సంబంధము నిచ్చెన వంటిది కాదు, గిన్నె వంటిది; రెండు అంచులలోను ఆపద కలదు. మన తల్లులకు ఇనుప మాత్ర అక్కరలేదని దీని అర్థము కాదు. తెలంగాణములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తహీనత కలదని పై సర్వేయే చెప్పుచున్నది. ఇచ్చట లండను తల్లుల 'పలుచబడుట' కంటె ఇనుము లేమియే పెద్ద పాలు. ఐనను ఏ నెలలో తీసిన రక్తమో చెప్పక ఒక అంకె వ్రాసి దానిపై తీర్పు చెప్పు పట్టికకు విలువ తక్కువ.

ఇవిగాక ఆసుపత్రి లెక్కలకు పుట్టుకతో వచ్చిన లోపమొకటి కలదు. పెద్దాసుపత్రికి పంపబడువారు చిక్కు కాన్పులవారు. పట్టణపు పెద్దాసుపత్రి పట్టిక పల్లె తల్లులందరికి అద్దము కాజాలదు.

పెట్టి చూచిన ప్రయోగములు

కారణమును నిజముగా తేల్చునది పట్టిక కాదు, ఒకటి మార్చి చూచుట. విధి వశమున అట్టి క్రూర ప్రయోగమొకటి హాలండు దేశములో జరిగినది. 1944–45 చలికాలమున జర్మను సైన్యము ఆహారము రానీయకపోవుటచే పడమటి హాలండు పట్టణములు కరువు పాలైనవి. చివరి నెలలలో ఆ కరువు తగిలిన తల్లుల బిడ్డలు సుమారు 300 గ్రాములు తక్కువ తూగిరి. తొలి నెలలలో మాత్రమే కరువు తగిలి, పిమ్మట తిండి దొరికిన తల్లుల బిడ్డల బరువు తగ్గలేదు. అంతకుముందు చక్కగా తిని పెరిగిన తల్లులు, ఒక్కసారిగా ఆకలి పాలైనపుడు తగ్గినది మూడు వందల గ్రాములు మాత్రమేనన్నది గమనింపదగినది.

పెట్టి చూచిన వారిలో గాంబియా దేశపు ప్రయోగము ప్రసిద్ధమైనది. అచ్చట గర్భవతులకు వేరుసెనగ, బియ్యపు పిండి, చక్కెర, నూనెలతో చేసిన బిస్కత్తులను రోజునకు సుమారు వేయి కేలరీల మేరకు పెట్టిరి. 1997లో వెలువడిన ఫలితముల ప్రకారము బిడ్డల బరువు సరాసరిని 136 గ్రాములు పెరిగినది. కాని పంట చేతికి వచ్చిన కాలమున పెరుగుదల 94 గ్రాములే. పొలము పని ఎక్కువై, గాదెలు ఖాళీయైన వానకాలమున అది 201 గ్రాములు. ఒకే బిస్కత్తు, ఒకే ప్రాంతము, కాలము మారగా ఫలితము రెండింతలు. 'ఆహారము' అను గడి వెనుక 'పని' అను గడి దాగియున్నదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

తెలుగు నేలపై ఈ విషయమున జరిగిన పని తక్కువది కాదు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. అందు డాక్టరు లీలా అయ్యంగారు 1960ల నుండి పేద చూలాండ్రపై పరిశోధనలు చేసిరి. కాన్పునకు ముందు కొలది వారములు వారిని ఆసుపత్రిలో ఉంచి మంచి ఆహారమిచ్చినచో బిడ్డల బరువు పెరిగెనని ఆమె 1967లో ప్రకటించిరి. విలువైన పరిశోధనయే, కాని ఒక ప్రశ్న తప్పదు. ఆసుపత్రి మంచముపై ఉన్న చూలాలు మంచి తిండి తినుటయే గాక, నడుము వాల్చినది కూడ. నీళ్ళ బిందె, కట్టెల మోపు, కూలి పని ఆ కొలది వారములు ఆమెకు తప్పినవి. పెరిగిన బరువులో అన్నము పాలెంత, విశ్రాంతి పాలెంత? ఆ ప్రయోగపు నిర్మాణములో ఈ రెండింటిని విడదీయుటకు వీలులేదు. ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము ఇచ్చుట వలన బిడ్డల బరువునకు కలుగు మేలును గూర్చి ఆమెయు, రాజలక్ష్మియు 1975లో వెలువరించిన పరిశోధన ఇంకను సూటియైనది.

తరువాతిది 'హైదరాబాదు పోషకాహార ప్రయోగము'. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమందలి 29 గ్రామములలో ఇది నడచినది. పదునైదు గ్రామములలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము అప్పుడే వచ్చినది. తక్కిన పదునాలుగు గ్రామములకు ఇంకను రాలేదు. వచ్చిన గ్రామములలో చూలాండ్రకు, బాలింతలకు, చిన్న పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టిరి. చూలాలి వంతునకు సుమారు 500 కేలరీలు. ఫలితముగా ఆ గ్రామములలో పుట్టిన బిడ్డలు సరాసరిని 61 గ్రాములు ఎక్కువ తూగిరి.

అరువది యొక్క గ్రాములేనా, అని పెదవి విరుచువారు గలరు. గణిత ఉపాధ్యాయుడు దీనిని తరగతిలో లెక్కింపించి చూపవచ్చును. ఒక ప్రాంతమున సరాసరి బరువు 2600 గ్రాములనియు, ప్రమాణ విచలనము 400 అనియు, బరువులు గంట ఆకారపు వక్రములో పరచుకొన్నవనియు అనుకొనుడు. 2500 గీతకు దిగువ నూటికి 40 మంది పడుదురు. వక్రము మొత్తము 60 గ్రాములు కుడికి జరిగినచో దిగువ పడువారు 34 లేక 35 మంది. అనగా నూటికి ఐదుగురో, ఆరుగురో గీత దాటిరి. ఒక్క బిడ్డకు పిడికెడు బరువే గాని, జిల్లా మొత్తమునకు అది కొన్ని వందల మంది బిడ్డల లెక్క.

అయితే ఈ ప్రయోగమునకు లోపము లేదనరాదు. ఏ గ్రామమునకు ఉప్మా, ఏ గ్రామమునకు లేదు అనునది చీట్లు వేసి నిర్ణయించినది కాదు. పథకము ముందు వచ్చిన ప్రాంతము ఒక వైపు, రాని ప్రాంతము ఒక వైపు. ఆ రెండు ప్రాంతములకు నీటిలో, బాటలో, కూలిలో ముందే తేడా యుండినచో ఆ తేడా కూడ ఈ 61 గ్రాములలో కలసియుండవచ్చును. ఇదే లోపము మరుగున పడి, పెద్ద మేలు బయటపడిన సంగతి వేరొకటి కలదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్ల వారైనపుడు, 2003–05లో వారిలో 1165 మందిని మరల పరీక్షించిరి. ఉప్మా గ్రామముల పిల్లలు సరాసరిని 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండిరి. చక్కెర వ్యాధికి దారి తీయు లక్షణము, రక్తనాళముల బిరుసుతనము వారిలో తక్కువగా నుండెను. పుట్టినాటి త్రాసుపై స్వల్పముగా కనబడినది పదునైదేండ్లకు ఎముకలోను, నెత్తురులోను కనబడినది. జనన భారమొక్కటే కొలబద్దగా పెట్టుకొన్న విమర్శకుడు ఈ ప్రయోగమును ఓడినదని వ్రాసియుండును.

ముంబయి నగరపు పేటలలో జరిగి 2014లో వెలువడిన ప్రయోగము మరొక చిక్కును చూపినది. ఆకుకూరలు, పండ్లు, పాలు చేర్చిన చిరుతిండిని గర్భము రాకముందు నుండియే పెట్టిరి. మొత్తము మీద ఫలితము చెప్పుకోదగినది కాకపోయినను, గర్భమునకు మూడు నెలలు ముందుగా మొదలిడిన వారిలో కొంత మేలు కనబడినది. కాని ఆ మేలు మిక్కిలి బక్కపలుచని తల్లుల బిడ్డలకు గాక, కొంచెము ఒళ్ళున్న తల్లుల బిడ్డలకే దక్కినది. ఎండిన నేల మొదటి వానను తానే త్రాగినట్లు, శుష్కించిన దేహము వచ్చిన పోషణను ముందు తనకే ఉంచుకొన్నది కాబోలు.

కాలువ వచ్చిన తరువాత

ఇప్పుడు సాగరు మాట. 1955 డిసెంబరు 10న జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడము. తట్టలు నెత్తిన పెట్టుకొని రాళ్ళు మోసిన కూలీలలో స్త్రీలెందరో. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ కింద జొన్న చేలు వరి మళ్ళైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు మోసినది. నీరు వచ్చెను, అన్నము వచ్చెను గనుక బిడ్డల బరువు దానంతట అదే పెరుగునని తలచుట సహజము. కాని గాంబియా పాఠమును ఇచ్చట గుర్తు చేసికొనవలెను. వరి పెరిగిన చోట నాట్లు పెరుగును, కలుపు పెరుగును. ఈ రెండును ఆడువారి పనులు. బురదలో నిలబడి నడుము వంచి గంటల తరబడి చేయవలసినవి. పుణె సమీప గ్రామములలో జరిగిన పరిశోధనలో గర్భకాలమున బరువు పని చేసిన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టిరని తేలినది. కాలువ ఒక చేత అన్నమిచ్చి, మరొక చేత శ్రమ నడిగినది. అదియును గాక, బియ్యము కడుపు నింపును గాని ఇనుము విషయములో జొన్న, సజ్జల కంటె బీదది.

నీటి విషయమున నల్లగొండ సీమకు ప్రత్యేకమైన కథ కలదు. అచ్చటి భూగర్భ జలములలో ఫ్లోరైడు అధికమగుట వలన కలుగు ఎముకల వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లోనే బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసెను. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఒక క్రొత్త వికారమును ప్రకటించిరి: ఫ్లోరైడు గల ఊళ్ళలో యువకులకు మోకాళ్ళు ఒకదానికొకటి తగులునట్లు కాళ్ళు వంకర తిరుగుచున్నవి. జలాశయపు ఊటచే భూగర్భ జలమట్టము పెరిగి, నేల స్వభావము మారి, జొన్న గింజలో మాలిబ్డినము వంటి సూక్ష్మ ధాతువులు ఎక్కువై, దేహమునకు రాగి లోపము కలుగుట ఇందుకు తోడ్పడియుండునని ఆ సంస్థవారు ప్రతిపాదించిరి. ఒక ఆనకట్ట ఫలితము పొలము గట్టు దాటి ఎముకలోనికి ఎట్లు పోవునో ఊహించి, గింజలను తెచ్చి పరీక్షించి చూచిన ఈ పరిశోధనా ధోరణి ఎన్నో పట్టికల కంటె మిన్న.

ఫ్లోరైడు మాయను దాటి బిడ్డకు చేరును. కనుక బిడ్డ బరువు తగ్గుటకు కూడ అదియే కారణమని వాదించువారు గలరు. ఢిల్లీలో సుశీల, ఆమె సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధనను వారు సాక్ష్యముగా చూపుదురు. గర్భవతుల నీటి నుండియు, తిండి నుండియు ఫ్లోరైడును తొలగించి, మంచి ఆహారమును గూర్చి సలహా ఇయ్యగా వారి రక్తము వృద్ధి పొందినది. తక్కువ బరువు బిడ్డలు తగ్గిరి. ఆశాజనకమైన ఫలితమే. కాని ఒకే మారు రెండు పనులు చేసిరి: ఫ్లోరైడు తీసిరి, ఆహారము మార్చిరి. ఏది ఎంత పని చేసినదో ఈ ప్రయోగము చెప్పలేదు. లీలా అయ్యంగారి ఆసుపత్రి మంచము చిక్కే ఇదియు. నల్లగొండ తల్లుల విషయమున ఫ్లోరైడును దోషిగా నిలుపవలెనన్నచో, ఒకే ఆహారము తిను రెండు ఊళ్ళను, నీటిలో మాత్రమే తేడా గల వానిని ప్రక్క ప్రక్కన పెట్టి బిడ్డలను తూచవలెను.

పథకములు, బోధలు

తెలంగాణ ప్రభుత్వము 2015 జనవరి 1న ప్రారంభించిన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీ కేంద్రమున గర్భవతులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనము, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అచ్చటనే కూర్చుండి తినునట్లు ఏర్పాటు చేసిరి. సరుకు ఇంటికిచ్చినచో అది ఇంటిల్లిపాదికి పంపకమగును. అచ్చటనే తినుట వలన చూలాలి వంతు చూలాలికే దక్కును. ఈ యోచన మంచిది. కాని నాట్ల కాలమున కూలికి పోవు చూలాలు మధ్యాహ్నము అంగన్‌వాడీకి ఎట్లు రాగలదు? ఆకలి ఎక్కువైన నాళ్ళలోనే ఆమె పొలములో ఉండును. గాంబియాలో రెండింతల ఫలము నిచ్చినది సరిగా ఆ నాళ్ళే.

బోధల సంగతి కూడ చెప్పవలెను. ఎక్కువ తిన్నచో బిడ్డ లావై కాన్పు కష్టమగునను భయము మన పల్లెలలో ఇంకను పోలేదు. దానిని మూఢత్వమని నవ్వుట తేలిక. కాని పొట్టి తల్లికి కటి ఇరుకు. శస్త్రవైద్యుడు లేని కాలమున పెద్ద బిడ్డ అడ్డుపడి తల్లి ప్రాణము పోవుట చూచిన ముత్తవ్వలు ఆ మాట చెప్పిరి. వారి భయమునకు ఆధారమున్నది, వారి మందు మాత్రము తప్పు. తల్లి తిండి తగ్గించిన మాత్రమున బిడ్డ తల చిన్నదగుట కంటె ముందు తల్లి నెత్తురు తగ్గును. నేడు ఆసుపత్రి దగ్గరనున్నది గనుక ఆ భయమునకు చోటు లేదని నిదానముగా చెప్పినచో వినెదరు, అపహసించినచో వినరు.

ఈ విషయమంతయు గర్భవతుల కార్డులో మొదలు కాలేదు, బడి హాజరు పట్టీలోనే మొదలైనది. ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలకు వారమునకొక నీలిరంగు ఇనుప ఫోలిక్ మాత్ర, సంవత్సరమునకు రెండు మార్లు నులిపురుగుల మందు ఇచ్చు కార్యక్రమము కలదు. మాత్రను ఖాళీ కడుపుతో మ్రింగిన పిల్లకు కడుపులో వికారము కలుగును. అది చూచి తరగతిలో సగము మంది మరుసటి వారము మాత్రను కిటికీలో నుండి పారవేయుదురు. భోజనము తరువాత, ఉపాధ్యాయిని తానును ఒక మాత్ర నోట వేసికొని, పిల్లల చేత తన యెదుటనే మ్రింగించిన తరగతిలో ఆ నష్టముండదు. చేదుగా నుండునను పిల్లకు ఒక ఉసిరికాయ ముక్క ఇచ్చినచో సరి. దానిలోని పులుపు ఇనుము ఒంటబట్టుటకు కూడ తోడ్పడును. మాత్ర మ్రింగిన గంట లోపల టీ త్రాగనీయరాదు.